పొట్ట మెత్తగానే ఉంది, స్కానింగ్‌లో ఏమీ లేదు, నొప్పి మాత్రం భరించరానిది: అరుదైన కారణాలను క్యాజువాలిటీలో ఎలా వెదకాలి?

ప్రశ్న: క్యాజువాలిటీ_రాత్రివిధి

సీనియర్లకు నమస్కారం. నేను వంద పడకల ప్రాంతీయ ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేస్తున్నాను. మా దగ్గర రాత్రివేళ ఈసీజీ, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, మామూలు రక్తపరీక్షలు, సోడియం, పొటాషియం వరకు అందుబాటులో ఉంటాయి. సీటీ కావాలంటే రోగిని జిల్లా కేంద్రానికి పంపవలసిందే, ఆ ప్రయాణానికి రెండు గంటలు పడుతుంది. అందువల్ల ఎవరిని వెంటనే పంపాలి, ఎవరిని ఇక్కడే ఉంచుకుని చూడాలి అన్నది చాలాసార్లు రోగి చెప్పిన మాటలను బట్టి, పొట్టను చేత్తో నొక్కి చూసినదాన్ని బట్టి నిర్ణయించుకోవలసి వస్తోంది.

ప్రస్తుతం మా వార్డులో ఉన్న ఒక రోగి గురించి అడగదలచుకున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను మార్చాను. వయసు 27 ఏళ్లు, వివాహిత. నాలుగు రోజులుగా బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి పొట్టంతా పాకి, నడుముకూ తొడలకూ లాగుతోందని చెబుతున్నారు. అది వచ్చిపోయే నొప్పి కాదు, ఎడతెగకుండా ఉంటోంది. వాంతులు, మలబద్ధకం ఉన్నాయి, నిద్ర అసలే లేదు, జ్వరం లేదు. కొన్ని నెలల క్రితం ఇలాంటి నొప్పికే ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో అపెండిక్స్ తీశారు. ఆ బయాప్సీ రిపోర్టు తెప్పించి చూస్తే అపెండిక్స్‌లో వాపు ఏమీ లేదని ఉంది. ఇప్పుడు నాడి 118, బీపీ 150/100. పొట్ట మెత్తగా ఉంది, బిగువు లేదు. గర్భ పరీక్ష నెగెటివ్, అల్ట్రాసౌండ్ మామూలు, లైపేజ్ (క్లోమగ్రంథి వాపును చూసే రక్తపరీక్ష) మామూలు, తెల్ల కణాలు 9,800. ఎక్స్‌రేలో డయాఫ్రమ్ కింద గాలి (పేగుకు చిల్లు పడిన గుర్తు) లేదు, పేగులు మాత్రం కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. సోడియం 121 వచ్చింది. ఇదంతా వాంతుల వల్లే అనుకోవచ్చా?

నన్ను కలవరపెడుతున్న విషయం మరొకటి ఉంది. ఆమె కావాలని నటిస్తోందని అత్తగారు అంటున్నారు. రెండు ఇంజెక్షన్లు ఇచ్చినా అరుపులు ఆగకపోవడంతో మా సిబ్బందిలోనూ కొందరు అదే మాట అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు, కానీ చేతిలో రుజువు లేదు. ఈ రోగి విషయంలో ఏమి ఆలోచించాలి, ఇలా పొట్టలో ఏమీ దొరకని తీవ్రమైన నొప్పితో వచ్చేవారిని మా వంటి చోట ఏ క్రమంలో చూడాలి అన్నవి నా రెండు ప్రశ్నలు.

సమాధానం: అత్యవసర_వైద్యం_హైదరాబాద్

డాక్టర్ గారూ, ముందుగా మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. రోగి చెప్పే బాధకూ మన చేతికి తగిలే పొట్టకూ పొంతన లేనప్పుడు, బాధను తక్కువ చేసి చూడడం మన అలవాటు. నిజానికి అలాంటప్పుడే రెండు దిక్కుల వెదకాలి. ఒకటి, పొట్ట లోపలే ఉండి, పొట్ట గోడకు లోపల అంటిన పొరను ఇంకా తాకని జబ్బు. రెండు, పొట్టకు బయట ఉండి పొట్టలో మాత్రమే నొప్పిగా కనిపించే జబ్బు.

మొదటి దిక్కున నేను అన్నిటికంటే ముందు భయపడేది పేగులకు రక్తం అందకపోవడం గురించి. గుండె లయ తప్పినవారిలోనూ, రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకైనవారిలోనూ, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారిలోనూ గుండెలో తయారైన గడ్డ ఎగిరి పేగుల ధమనిలో ఇరుక్కుంటే, మొదటి కొన్ని గంటలు పొట్ట మెత్తగానే ఉంటుంది, రోగి మాత్రం మంచం మీద నిలవలేడు, తరచుగా ఒక వాంతో విరేచనమో వెంటనే అవుతుంది. పొట్ట బిగుసుకునే సరికి పేగు చచ్చిపోయి ఉంటుంది. ఆ దశకు ముందు లాక్టేట్ (కణాలకు రక్తం అందనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) మామూలుగా ఉండవచ్చు కాబట్టి దాన్ని చూసి ధైర్యపడకూడదు. ఈ అనుమానం కలిగితే క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష) కొంచెం ఎక్కువగా ఉందన్న కారణంతో సీటీ యాంజియోగ్రఫీని (రక్తనాళాలను చూపే సీటీని) ఆపకూడదు. మీ దగ్గర అది లేదు గనుక, నాడి క్రమం తప్పిన పెద్ద వయసు మనిషి మెత్తటి పొట్టతో విలవిల్లాడుతుంటే ఇంకేమీ ఎదురుచూడకుండా పంపించండి.

అరవై దాటిన మగవారికి జీవితంలో మొదటిసారి మూత్రపిండంలో రాయి నొప్పి వచ్చిందని మీకు అనిపిస్తే, అల్ట్రాసౌండ్ ప్రోబ్ మీ చేతిలో ఉన్నప్పుడే బృహద్ధమనిని కూడా చూడండి. దాని వెడల్పు 3 సెంటీమీటర్లు మించితే అది ఉబ్బినట్టే. మగపిల్లవాడు పొత్తికడుపు నొప్పి అంటే వృషణాలను తప్పక పరీక్షించండి, ఎందుకంటే సిగ్గుపడి అక్కడి నొప్పిని చెప్పరు, మెలిపడిన వృషణాన్ని కాపాడడానికి మనకు ఉండే సమయం సుమారు ఆరు గంటలే.

రెండో దిక్కున ఖరీదైన పరీక్షలేవీ అక్కర్లేదు. నడివయసు దాటినవారికి, మధుమేహం ఉన్నవారికి పైకడుపు నొప్పి ఉంటే వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. గుండె కింది గోడకు వచ్చే పోటు కడుపు మంటలాగా, వాంతిలాగా మొదలవుతుంది, పాంటోప్రజోల్ ఇంజెక్షన్ ఇచ్చి పంపేసినవారిలో అలాంటివారు ఉంటారు. రక్తంలో చక్కెర అందరికీ చూడాలి, కానీ అది ఒక్కటే చాలదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ తరగతి మధుమేహ మాత్రలు వాడుతున్నవారిలో చక్కెర 250 కంటే తక్కువగా ఉండి కూడా కీటోఅసిడోసిస్ (కీటోన్లు పేరుకుని రక్తంలో ఆమ్లత్వం పెరగడం) రావచ్చు. కాబట్టి ఆ మాత్రలు వాడుతున్నవారు వాంతులతో, కడుపు నొప్పితో, ఆయాసంతో వస్తే గ్లూకోమీటర్ మీద 180 కనిపించినా కీటోన్లు చూడండి. కీటోఅసిడోసిస్‌లో కడుపు నొప్పి ఆమ్లత్వం ఎంత తీవ్రంగా ఉంటే అంత తీవ్రంగా ఉంటుంది. ఆమ్లత్వం స్వల్పంగా ఉండి నొప్పి ఎక్కువగా ఉన్నా, ఆమ్లత్వం తగ్గాక కూడా నొప్పి ఉండిపోయినా, కీటోఅసిడోసిస్‌ను తెచ్చిపెట్టిన అసలు జబ్బు పొట్టలోనే ఉందేమోనని మళ్లీ వెదకవలసిందే.

ఇక మీ రోగి. వాంతుల వల్ల సోడియం తగ్గవచ్చు, కానీ నాలుగు రోజుల వాంతులతో ఒంట్లో నీరు ఎండిన మనిషికి బీపీ తగ్గాలి గాని 150/100 ఉండకూడదు. యువతి, నెలల తేడాతో తిరిగి వచ్చిన నొప్పి, మామూలు అపెండిక్స్, మెత్తటి పొట్ట, పెరిగిన నాడి, పెరిగిన బీపీ, మలబద్ధకం, తొడల్లో నొప్పి, తగ్గిన సోడియం. వీటన్నిటినీ ఒకచోట చేర్చి చూస్తే నాకు ముందుగా తోచేది అక్యూట్ ఇంటర్మిటెంట్ పార్ఫీరియా అనే అరుదైన, పుట్టుకతో వచ్చే ఎంజైమ్ లోపం. ఇప్పుడే నాలుగు పనులు చేయండి. మూత్రం రంగు ముదురుగా వస్తోందా అని అడగండి. తాజా మూత్రాన్ని గాజు సీసాలో పట్టి కొన్ని గంటలు కిటికీ దగ్గర ఎండ తగిలేలా ఉంచి రంగు ముదురుతుందేమో చూడండి. గడచిన రెండు వారాల్లో ఆమె వేసుకున్న ప్రతి మాత్రనూ, మందుల చీటీలో లేనివాటితో సహా, రాసుకోండి. కాళ్లూ చేతుల బలాన్ని పరీక్షించి సమయం వేసి నమోదు చేయండి, ఎందుకంటే ఈ జబ్బులో నరాల బలహీనత మొదలైతే అది ఊపిరి కండరాల దాకా పోవచ్చు. నొప్పి మందు ఇస్తే జబ్బు తెలియకుండా పోతుందన్న పాత భయాన్ని వదిలి, మార్ఫిన్ గాని ఫెంటనిల్ గాని సరిపడా ఇవ్వండి. నటన అన్న మాట కేస్ షీట్‌లోకి రానివ్వకండి.

సమాధానం: శస్త్రచికిత్స_గుంటూరు

పై డాక్టర్ గారి ఆలోచన బాగుంది, కానీ శస్త్రవైద్యుడిగా ఒక హెచ్చరిక చేయక తప్పదు. అరుదైన జబ్బు పేరు ఒకసారి మనసులో పడితే మిగతా కారణాలు వెనక్కి పోతాయి. ఈమెకు ఒక ఆపరేషన్ జరిగింది. పేగులు కొద్దిగా ఉబ్బి ఉన్నాయి, మలబద్ధకం ఉంది. కాబట్టి పేగులు అతుక్కోవడం వల్ల వచ్చే అడ్డంకిని కొట్టివేయలేం. మన ప్రాంతంలో ఈ వయసువారిలో మళ్లీమళ్లీ వచ్చే కడుపు నొప్పికి ఇలియోసీకల్ క్షయ (చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట వచ్చే క్షయ) పార్ఫీరియా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కారణం. తిన్న తరువాత గుడగుడమని శబ్దంతో పొట్టలో గడ్డలాగా లేచి దిగిపోతుందా, బరువు తగ్గారా, సాయంత్రం జ్వరం వస్తుందా అని అడగండి. అండాశయం మెలిపడినప్పుడు డాప్లర్‌లో (రక్తం పారడాన్ని చూపే అల్ట్రాసౌండ్‌లో) రక్తప్రసరణ కనిపించినంత మాత్రాన మెలిక లేదని చెప్పడానికి వీలు లేదు, అందుకని ఒక్క మామూలు స్కాన్‌తో ఆ అధ్యాయాన్ని మూసేయకండి. పేగుల సిరల్లో రక్తం గడ్డకట్టడం కూడా ఇలాగే రోజుల తరబడి మెత్తటి పొట్టతో నడుస్తుంది. ఆమె హార్మోన్ మాత్రలు వాడి ఉంటే అది మరింత ఆలోచించవలసిన విషయం. వీటన్నిటికీ సీటీ కావాలి, కాబట్టి ఎలాగైనా ఆమెను పంపవలసిందే అని నా అభిప్రాయం. పంపే లోపల ఒకే వ్యక్తి, వీలైతే మీరే, రెండు మూడు గంటలకొకసారి పొట్టను మళ్లీ పరీక్షించాలి. మొదటిసారి చూసినదానికంటే మూడోసారి చూసినప్పుడు వచ్చిన మార్పే ఎక్కువ చెబుతుంది.

చర్చ శీర్షికకు సంబంధించి ఇంకొక విషయం. పొట్ట లోపల కాకుండా పొట్ట గోడలోనే నొప్పి ఉండేవారు చాలామంది, ఏళ్ల తరబడి ఎండోస్కోపీలూ స్కానింగులూ చేయించుకుంటూ తిరుగుతారు. 1926లో కార్నెట్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు చెప్పిన పరీక్షకు అర నిమిషం చాలు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, నొప్పి ఉన్న చోట వేలితో నొక్కి పట్టుకుని, చేతుల ఆసరా లేకుండా తలనూ భుజాలనూ ఎత్తమనాలి. బిగుసుకున్న కండరం లోపలి అవయవాలకు అడ్డుగా నిలుస్తుంది కాబట్టి లోపలి జబ్బయితే నొప్పి తగ్గుతుంది, గోడలోని జబ్బయితే తగ్గకపోగా పెరుగుతుంది. రోగి ఒక వేలి కొనతో చూపించగలిగే చోట, రెక్టస్ కండరం (పొట్ట ముందు నిలువుగా ఉండే కండరం) అంచు దగ్గర ఇలా తేలితే, అక్కడ నరం నొక్కుకుపోయిందని అనుకోవచ్చు. అక్కడ కొద్దిగా లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) ఎక్కిస్తే నిమిషాల్లో నొప్పి తగ్గడం చికిత్సా అవుతుంది, రుజువూ అవుతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారిలో గట్టిగా దగ్గిన తరువాత ఇదే పరీక్ష పాజిటివ్ వస్తే కండరపు పొరలో రక్తం చేరిందేమో చూడాలి, అది చిన్న విషయం కాదు. సర్పి (హెర్పిస్ జోస్టర్) లేచే ముందు రెండు మూడు రోజులు చర్మం మీద ఏ పొక్కూ లేకుండా ఒకవైపే మంట, నొప్పి ఉంటాయి. దుస్తులు తొలగించి నడుము వెనుక వైపు కూడా చూడకపోతే మొదటి పొక్కు కూడా మనకు కనిపించదు.

సమాధానం: ఏజెన్సీ_వైద్యుడు

నేను అల్లూరి జిల్లా కొండ ప్రాంతంలో పనిచేస్తున్నాను. మీ రోగి విషయంలో పై ఇద్దరూ చెప్పినదానికి కలపవలసింది నా దగ్గర తక్కువే. కానీ మీ ఆసుపత్రి వంటి చోట పొట్టకు బయటి కారణాలలో కొన్నిటిని మరచిపోతే ఆ రాత్రే ప్రాణం పోతుంది, వాటిని ఇక్కడ రాస్తున్నాను.

వానాకాలంలో తెల్లవారుజామున రెండు, మూడు గంటలకు కడుపు నొప్పి, వాంతులతో నిద్రలేచి వచ్చిన మనిషి, ముఖ్యంగా నేల మీద చాప వేసుకుని పడుకున్నవారు, కట్లపాము కాటుకు గురయ్యారేమోనని ఆలోచించండి. ఈ పాము రాత్రివేళ నిద్రలో ఉన్నవారిని కరుస్తుంది. కాటు దగ్గర వాపు గాని నొప్పి గాని దాదాపు ఉండవు, కోరల గాట్లు టార్చి వేసి వెదికినా కనిపించకపోవచ్చు, రోగికి కాటు సంగతే తెలియదు. కడుపు నొప్పి మొదటి లక్షణంగా వచ్చి, గంటల వ్యవధిలో కనురెప్పలు వాలడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, చివరికి ఊపిరి కండరాలు పడిపోవడం జరుగుతాయి. 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష ఇందులో మామూలుగానే ఉంటుంది, కాబట్టి దాన్ని చూసి పాము కాదని అనుకోకూడదు. నేను ఇలాంటి ప్రతి రోగినీ పైకి చూడమని, దిండు మీది నుంచి తల ఎత్తమని, ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో చెప్పమని అడుగుతాను. అరగంట తరువాత మళ్లీ అడిగినప్పుడు ఆ లెక్క తగ్గితే ఇక ఆలోచించవలసింది లేదు. మన దేశంలో దొరికే యాంటీ స్నేక్ వెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేస్తుంది. నరాల మీద ప్రభావం కనిపించగానే 8 నుంచి 10 వయల్స్ సెలైన్‌లో కలిపి ఎక్కించాలి, అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉంచుకోవాలి. కట్లపాము విషం నరం చివరనే దెబ్బతీస్తుంది కాబట్టి నియోస్టిగ్మిన్ (నరం నుంచి కండరానికి సంకేతాన్ని పెంచే ఇంజెక్షన్) నాగుపాము కాటులో పనిచేసినంతగా ఇందులో పనిచేయదు. ఇక్కడ ప్రాణం నిలిపేది గొట్టం వేసి శ్వాస అందించడమే. వెంటిలేటర్ దూరంగా ఉంటే అంబు బ్యాగుతో శ్వాస ఇస్తూ 108లో పంపండి, విషప్రభావం దిగాక ఈ రోగులు పూర్తిగా కోలుకుంటారు.

మా ప్రాంతంలోనూ, భద్రాచలం, ఆదిలాబాద్ వైపునా గిరిజన యువకుడో బాలికో కడుపు నొప్పితో వస్తే సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య రక్తవ్యాధి) పరీక్ష చేయకుండా పొట్ట కోయడానికి ఒప్పుకోకూడదు. 2023 జూలైలో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైనప్పటి నుంచి స్క్రీనింగ్ జరిగిన కార్డులు చాలామంది దగ్గర ఉంటున్నాయి, అడిగితే చూపిస్తారు. అయితే సికిల్ సెల్ ఉందని తేలినంత మాత్రాన నొప్పి దాని వల్లే అనుకోవడం కూడా సరి కాదు. చిన్నపిల్లలలో ప్లీహం గంటల్లో పెరిగి హిమోగ్లోబిన్ పడిపోతుంది, పెద్దవారిలో చిన్న వయసుకే పిత్తాశయంలో రాళ్లు వస్తాయి.

మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చిన పొడులూ మాత్రలూ నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపేసినవారు కడుపు నొప్పి, వాంతులు, పడిపోయిన బీపీతో వస్తారు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే వారి అడ్రినల్ గ్రంథులు నిద్రాణంగా ఉండి ఒత్తిడిని తట్టుకోలేవు. ఇలాంటివారిలో క్షయ వల్ల అడ్రినల్ గ్రంథులే దెబ్బతిని వచ్చే అడిసన్స్ జబ్బులోలాగా చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడవు, పొటాషియమూ పెరగకపోవచ్చు, కాబట్టి ఆ గుర్తుల కోసం ఎదురుచూడకూడదు. సెలైన్ ఎంత పోసినా బీపీ లేవకపోతే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ సిరలోకి ఇవ్వండి. ఇస్తే పోయేది లేదు, ఇవ్వకపోతే మనిషి మిగలకపోవచ్చు.

పాత బ్యాటరీలు కరిగించే పని చేసేవారిలో, సరైన శుద్ధి లేని భస్మాలు వాడేవారిలో సీసం విషమెక్కడం వల్ల వచ్చే కడుపు నొప్పి మీరు చెప్పిన రోగి నొప్పినే పోలి ఉంటుంది. మలబద్ధకం, మెత్తటి పొట్ట, దానితోపాటు రక్తహీనత. పెరిఫెరల్ స్మియర్‌లో (సూక్ష్మదర్శిని కింద చూసే రక్తపు పూతలో) ఎర్ర కణాల మీద నీలి చుక్కలు ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడమని లాబ్ టెక్నీషియన్‌ను అడగండి. అడగకపోతే రిపోర్టులో అది రాదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: క్యాజువాలిటీ_రాత్రివిధి

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు అడగమన్నవన్నీ ఆమెను విడిగా కూర్చోబెట్టి అడిగాను. ఇంట్లో వ్రతం ఉందని, నెలసరి వాయిదా పడటానికి మందుల దుకాణం నుంచి నోరెథిస్టెరోన్ మాత్రలు తెచ్చుకుని వారం పైగా వేసుకున్నారు, వాటితోపాటు రెండు రోజులు కటిక ఉపవాసం ఉన్నారు. అంతకుముందు అపెండిక్స్ తీయించుకున్నప్పుడు కూడా ఒక పెళ్లి కోసం అవే మాత్రలు వాడారట. ఈ సంగతి మగవారి ముందు చెప్పడానికి ఆమె ఇష్టపడలేదు, అడగడానికి స్టాఫ్ నర్స్ గారు తోడు ఉండబట్టే చెప్పారు. కిటికీలో పెట్టిన మూత్రం మధ్యాహ్నానికి ముదురు టీ డికాక్షన్ రంగుకు మారింది. స్మియర్‌లో నీలి చుక్కలు లేవు. కాళ్లూ చేతుల బలం ఇప్పటికి బాగానే ఉంది. శస్త్రవైద్యులు చెప్పినట్టు సీటీ కోసం బోధనాసుపత్రికి పంపే ఏర్పాటు చేశాను, అక్కడ జనరల్ మెడిసిన్ వారితోనూ మాట్లాడాను.

నాకు ఇంకా కొన్ని సందేహాలు ఉన్నాయి. దారిలో ఏమి ఎక్కించాలి? సోడియం 121 ఉన్నప్పుడు గ్లూకోజ్ ఇవ్వవచ్చా? సీటీలో ఇలియోసీకల్ భాగం కొద్దిగా మందంగా కనిపిస్తే క్షయ మందులు మొదలుపెట్టమంటారా? ఆమె తమ్ముడికి వచ్చే నెలలో హెర్నియా ఆపరేషన్ ఉందట, అతనికి ఏమైనా చెప్పాలా?

సమాధానం: జనరల్_మెడిసిన్_విశాఖ

డాక్టర్ గారూ, ఆ ఉపవాసమూ ఆ మాత్రలూ కలిసి ఈ నొప్పిని తెచ్చాయన్నది చాలా బలమైన అనుమానం. ఈ జబ్బులో హీమ్ (రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం) తయారీ గొలుసులో ఒక ఎంజైమ్ పుట్టుకతోనే సగం పనిచేస్తుంది. మామూలు రోజుల్లో ఆ సగం సరిపోతుంది. ఉపవాసం ఉన్నప్పుడు, ప్రొజెస్టెరోన్ వంటి హార్మోన్లు పెరిగినప్పుడు, కొన్ని మందులు వాడినప్పుడు కాలేయం ఆ గొలుసు మొదటి మెట్టును వేగంగా నడుపుతుంది. సగం ఎంజైమ్ ఆ వేగాన్ని అందుకోలేక దాని వెనుక పార్ఫోబిలినోజెన్, దాని ముందరి పదార్థమైన ఎఎల్ఎ పేరుకుపోతాయి. నొప్పి నరాల నుంచి వస్తుంది, అందుకే మీ చేతికి పొట్టలో ఏమీ తగలడం లేదు. నాడీ బీపీ పెరగడం, పేగులు కదలక ఉబ్బడం, సోడియం పడిపోవడం అన్నీ ఆ నరాల పనే.

అయితే ఎండలో రంగు మారడం సూచన మాత్రమే, రుజువు కాదు. మారకపోయినా జబ్బు లేదని అర్థం కాదు. రుజువు కావలసింది నొప్పి ఉన్న రోజుల్లో పట్టిన మూత్రంలో పార్ఫోబిలినోజెన్ పరీక్ష. ఇక్కడ మీరు జాగ్రత్త పడవలసిన విషయం ఒకటి ఉంది. ఎండలో పెట్టిన సీసాను లాబుకు పంపకండి. మరొక నమూనా పట్టి, వెంటనే నల్ల కాగితం గాని అల్యూమినియం రేకు గాని చుట్టి, ఐస్‌లో పెట్టి ఆమెతోపాటే పంపండి, ఎందుకంటే వెలుతురు తగిలితే మనం కొలవవలసిన పదార్థమే తగ్గిపోతుంది. బోధనాసుపత్రి బయోకెమిస్ట్రీ విభాగంలో యూరోబిలినోజెన్ (మూత్రంలో మామూలుగా కొద్దిగా ఉండే మరో పదార్థం) కోసం వాడే ఎర్లిక్ ద్రావణం ఉంటే ప్రాథమిక పరీక్ష అక్కడే చేయవచ్చు. రెండింటికీ ఎర్రరంగే వస్తుంది కాని, క్లోరోఫామ్ కలిపి కుదిపితే యూరోబిలినోజెన్ రంగు క్లోరోఫామ్‌లోకి దిగిపోతుంది, పార్ఫోబిలినోజెన్ రంగు పైనున్న నీటి పొరలోనే ఉండిపోతుంది. నొప్పి తీవ్రంగా ఉన్న సమయంలో పార్ఫోబిలినోజెన్ పూర్తిగా మామూలుగా ఉంటే ఈ నొప్పికి అక్యూట్ ఇంటర్మిటెంట్ పార్ఫీరియా కారణం కాదని చెప్పేయవచ్చు. అప్పుడు శస్త్రవైద్యులు చెప్పిన జాబితాకు తిరిగి వెళ్లాలి. మూత్రంలో మొత్తం పార్ఫిరిన్లు మాత్రమే పెరిగితే అది కాలేయ వ్యాధిలోనూ సీసం విషంలోనూ కూడా జరుగుతుంది కాబట్టి దాని మీద ఆధారపడకండి.

గ్లూకోజ్ ఇవ్వాలి. రోజుకు కనీసం 300 గ్రాములు లక్ష్యం. కానీ మీ భయం సరైనదే. ఉప్పు కలవని డెక్స్‌ట్రోజ్‌ను లీటర్ల కొద్దీ ఎక్కిస్తే శరీరంలో అది వట్టి నీరుగా మిగిలి సోడియం ఇంకా పడిపోతుంది, మూర్ఛలు వస్తాయి. అందువల్ల నార్మల్ సెలైన్‌లో గాఢమైన డెక్స్‌ట్రోజ్ కలిపి ఇవ్వండి, వాంతులు తగ్గితే నోటితోనే చక్కెర నీళ్లు, గంజి పట్టించండి. సోడియం 24 గంటల్లో 8 మిల్లీమోల్స్ కంటే ఎక్కువ పెరగకుండా మళ్లీమళ్లీ కొలవాలి. మూర్ఛ వస్తే చేతికి అందే మొదటి మందు ఫెనిటాయిన్ అవుతుంది. అది ఈ జబ్బును పెంచుతుంది, వాల్‌ప్రోయేట్, ఫినోబార్బిటాల్ కూడా అంతే. లోరాజెపామ్, ఆ తరువాత లెవెటిరాసెటామ్ వాడమని రెఫరల్ చీటీ పైనే పెద్ద అక్షరాలతో రాయండి, అంబులెన్స్ సిబ్బందికి నోటితో కూడా చెప్పండి.

అసలు మందు హెమిన్ (హీమ్‌ను నేరుగా అందించే ఇంజెక్షన్), కిలోకు 3 నుంచి 4 మిల్లీగ్రాముల చొప్పున రోజుకొకసారి నాలుగు రోజులు, పెద్ద సిరలోకి. అమెరికాలో 1983 నుంచీ వాడుకలో ఉన్న ఆ మందు మన దేశంలో సులభంగా దొరకదు, తెప్పించడానికి సమయం పడుతుంది. అందుకే పరీక్ష పాజిటివ్ అని తేలిన గంటలోనే ఆసుపత్రి వారు దాని కోసం ప్రయత్నం మొదలుపెట్టాలి. కాళ్లూ చేతుల్లో బలహీనత మొదలయ్యాక ఇస్తే కోలుకోవడానికి నెలలు పడుతుంది.

క్షయ మందుల గురించి మీరు అడగడం చాలా మంచిదైంది. శస్త్రవైద్యులు చెప్పినట్టు ఆ జబ్బు మన దగ్గర ఎక్కువే, కానీ పార్ఫీరియా అనుమానం ఉన్న మనిషికి ఊహ మీద ఆ మందులు మొదలుపెట్టకూడదు. రిఫాంపిసిన్ ఈ జబ్బులో ప్రమాదకరమైన మందుల జాబితాలో ఉంది, పైగా మూత్రాన్ని నారింజ రంగులోకి మార్చి మనకున్న ఒక్క సూచననూ చెడగొడుతుంది. కొలనోస్కోపీ చేసి ముక్క తీసి క్షయ రుజువైతే అప్పుడు మందుల ఎంపికను నిపుణులతో కలిసి ఆలోచించవచ్చు.

ఇంటివారితో మాట్లాడేటప్పుడు ఆమె ముందే, అత్తగారు వినేలా, ఇది రక్తంలో కొలవగల, మూత్రంలో కనిపించే జబ్బు అని మీరే చెప్పండి. మీ మాటకు ఉండే విలువ రిపోర్టు కాగితానికి ఆ ఇంట్లో ఉండకపోవచ్చు. నెలసరి వాయిదా మాత్రలు ఇక ఎప్పుడూ వాడకూడదు, కటిక ఉపవాసాలు చేయకూడదు, ఏ మందు వేసుకునే ముందైనా వైద్యుడికి జబ్బు పేరు చెప్పాలి. ఈ మూడూ తెలుగులో రాసిన కార్డు ఆమె చేతికి ఇవ్వండి.

తమ్ముడి విషయం. ఈ లోపం తల్లిదండ్రులలో ఒకరి నుంచి వస్తుంది కాబట్టి తోబుట్టువులకు అది ఉండే అవకాశం సగానికి సగం. లోపం ఉన్నవారిలో ఎక్కువమందికి జీవితాంతం నొప్పి రాదు, అందుకని ఆ కుటుంబాన్ని బెదరగొట్టవలసిన పని లేదు. కానీ మత్తు కోసం థయోపెంటోన్ ఇస్తే నిద్రపోతున్న జబ్బును లేపినట్టవుతుంది. అక్కగారి పరీక్ష పాజిటివ్ వస్తే అతనికీ మూత్ర పరీక్ష, వీలైతే జన్యు పరీక్ష చేయించండి. మూత్రం మామూలుగా వచ్చినా లోపం లేదని తేలినట్టు కాదు, జన్యు పరీక్ష తేల్చేదాకా లోపం ఉన్నవాడిగానే చూడాలి. హెర్నియా బిగుసుకుపోనంతవరకు ఆపరేషన్‌కు తొందర లేదు, కాబట్టి ఫలితం వచ్చేదాకా వాయిదా వేయించండి. ఈలోగా అది బిగుసుకుని అర్ధరాత్రి ఆపరేషన్ చేయవలసి వస్తే మత్తు డాక్టరుకు ముందే తెలిసేలా, ఆ ఆసుపత్రికి ఇవాళే ఫోన్ చేసి అతని కేస్ షీట్ మొదటి పేజీలో రాయించండి.